ప్రిన్సిపాల్ గారి ఆయన

9 జూన్ 2003

దేవకుమారిని న్యూ లైట్ స్కూలుకు ప్రిన్సిపాల్‌ని చేశారు. మంచిదే.

10 జూన్

నిన్న ఒక్క ముక్క రాసి మూసేశాను. రేపెప్పుడైనా చదివితే కుళ్ళుకుని మూశానని నేనే అనుకుంటాను. అదేం కాదు, కరెంటు పోయింది.

జరిగింది ఇది. వాళ్ళ పాత ప్రిన్సిపాలు గుంటూరు బ్రాడీపేటలో ఏదో కోచింగ్ సెంటర్లో చేరతానని వెళ్ళిపోయాడు. స్కూలు మాలిక్ గారిది. పిడుగురాళ్ల చుట్టుపక్కల ఆయనకు సున్నం బట్టీలున్నాయి, మధ్యలో ఈ బడి ఒకటి. ఆయన మా ఆవిడను పిలిచి, "మేడం, పదేళ్ళ నుంచి పిల్లకాయలందరూ మీ కొంగు పట్టుకునే తిరుగుతున్నారు, ఆ కుర్చీలో మీరే కూర్చోండి" అన్నారట. సాయంత్రం లడ్డూల పెట్టెతో వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "బావా, నోరు తెరువు" అంది. తెరిచాను. లడ్డూలో యాలకులు కాస్త ఎక్కువయ్యాయి.

ఒక్క సంగతి మాత్రం ఆమెకు తెలియాలి. బడికి హెడ్మాస్టరుంటాడు, కాలేజీకి ప్రిన్సిపాలుంటాడు. ప్రైవేటు వాళ్ళొచ్చి ఈ తేడా చెరిపేశారు. ఎల్‌కేజీ పిల్లలు ముక్కు చీదుకునే చోట కూడా ప్రిన్సిపాలే! ఆ పైన కరస్పాండెంటు, అంటే స్కూలు ఓనరు. మాలిక్ గారు కరస్పాండెంటు. ఆయన భార్య షిరీన్ గారు డైరెక్టరు, ఆవిడ ఏడాదికోసారి ఆగస్టు పదిహేనుకు వచ్చి బిస్కెట్లు పంచుతుంది. ఎవరికి ఏ పేరు కావాలంటే ఆ పేరు పెట్టుకోవడమే, అడిగేవాడెవడు. ప్రభుత్వంలో అలా కుదరదు. సీనియారిటీ ఉండాలి, ప్యానెల్లో పేరుండాలి, ఆర్డరు రావాలి. ఆర్డరు వచ్చేదాకా ఎంత పని చేసినా వాడు ఇన్‌ఛార్జే.

నేను పాలెం బడికి ఆరేళ్ళుగా ఇన్‌ఛార్జి హెడ్మాస్టర్ని. సంతకం కింద వేసే ముద్రలో ఇన్‌ఛార్జి అన్న మాట బ్రాకెట్లో ఉంటుంది. హెడ్మాస్టర్ అన్న మాట కంటే అదే పెద్దగా పడుతుంది, ఆ ముద్ర చేసిన వెధవ ఎవడో గాని.

ఇదంతా నిన్ననే ఆమెకు చెబుదామనుకున్నాను. నోట్లో లడ్డూ ఉంది.

12 జూన్

బడులు తెరిచారు. మా కరీమున్ టీచరు గేటు దగ్గరే పట్టుకుంది. "మేడం గారు ప్రిన్సిపాలయ్యారంట గదా సార్, స్వీట్లేవండీ?"

"ప్రైవేటు స్కూలేగా టీచర్, అక్కడ అందరూ ప్రిన్సిపాళ్ళే" అన్నాను.

నవ్వలేదావిడ. రేపు స్వీట్లు పట్టుకెళ్ళాలి, లేకపోతే ఏదో అనుకుంటుంది.

22 జూన్, ఆదివారం

చర్చిలో పాస్టరు గారు ప్రకటనల వేళ లేచి, "మన సంఘంలో నుంచి దేవుడు ఒక ప్రిన్సిపాల్‌ని లేవనెత్తాడు, సహోదరి దేవకుమారి గారు ముందుకు రావాలి" అన్నారు. వెళ్ళింది. నీలం అంచు తెల్లచీర, మా పెళ్ళిరోజుకు నేను కొన్నదే. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, నా చప్పట్లే చివరిదాకా వినిపించాయి. ఆ తర్వాత ఆయన ఏమన్నాడంటే, "వారి భర్త యేసుపాదం కూడా టీచరే."

కూడా అట. టీచరే అట! ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఇన్‌ఛార్జి అయినా అనొచ్చుగా, నోరు పడిపోతుందా ఆయనకు? ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. ఎండ దెబ్బ తగిలిందనుకుని దేవకుమారి మజ్జిగ ఇచ్చింది.

30 జూన్

సాయంత్రం ఫోన్ మోగింది. "ప్రిన్సిపాల్ గారి ఇల్లేనాండీ?"

"హెడ్మాస్టర్ గారి ఇల్లు" అన్నాను.

"ఏ స్కూలండీ?"

"పాలెం."

అవతలివాడు కాసేపు ఆలోచించుకుని, "ఓహో, ప్రిన్సిపాల్ గారి ఆయనాండీ!" అని ఎంతో సంబరపడ్డాడు, తప్పిపోయిన చుట్టం దొరికినట్టు. రాంగ్ నంబరని పెట్టేశాను. మళ్ళీ చేశాడు. మళ్ళీ పెట్టేశాను. మూడోసారి దేవకుమారే ఎత్తింది.

"ఎవరు బావా ఇందాక?"

"ఎవడో తాగుబోతు."

4 జూలై

ఇది రాయాలి. రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

మా పాలెం బడిలో పోయినేడు అయిదు చదివిన వాళ్ళలో సగం మంది ఆరులో చేరలేదు. ఎక్కడికి పోయారురా అంటే, న్యూ లైట్ ఆటో ఊళ్ళోకి వస్తోందట. ఎండాకాలంలో ప్రైవేటు టీచర్లంతా గొడుగులేసుకుని ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్చుకుంటారు, అది ప్రతి ఏడూ ఉన్నదే. ఈసారి మా ఊరి వంతు మా ఆవిడకే పడిందట. నాకు చెప్పలేదు. చెప్పానంటుంది. "మీ పాలెం వైపు వెళ్తున్నానని చెప్పానుగా బావా, నువ్వు పేపరు చదువుతూ ఊ అన్నావు." అన్నానేమో. ఊ అంటే తీసుకుపొమ్మనా!

వీరబాబు ఇంటికి వెళ్ళాను. నాలుగెకరాల మిరప, ఆరెకరాల పత్తి ఉన్నవాడు. కొడుకును న్యూ లైట్‌లో వేశాడు. "అదేంటండీ హెడ్మాస్టర్ గారూ, మీ ఆవిడ దగ్గరికేగా పంపాం! మీకిచ్చినట్టే గదా!" అన్నాడు. మాట మర్యాదగానే అన్నాడు. నేను కూర్చున్నది ఎప్పటిలాగే వాకిట్లో, వేపచెట్టు కింద వేసిన కుర్చీలో. ఆరేళ్ళుగా ఆ కుర్చీ అక్కడే వేస్తారు నాకు.

"మేడం గారు ఎంత బాగా మాట్లాడిందనుకున్నారు! ఇదిగో, లోపల ఫ్యాను కింద కూర్చుని మా ఆడోళ్ళతో కాఫీ తాగి మరీ వెళ్ళింది" అన్నాడు వీరబాబు.

ఫ్యాను కింద. లోపల.

మా నాన్న పేరు బుల్లయ్య. ఈ వీరబాబు తండ్రి చేలో మిరపకాయలు కోసిన మనిషి. ఆయనను ఈ ఊళ్ళో ఒక్కరు కూడా బుల్లయ్య అనలేదు, ఒరే బుల్లిగా అనే పిలిచారు. గారు అనిపించుకోవడానికి నేను పడ్డ పాట్లు నాకు తెలుసు, ఆ గారు కోసమే ఆ వాకిట్లో కుర్చీ కూడా సర్దుకుని కూర్చున్నాను. ఆమె ఒక్క ఎండాకాలంలో గడప దాటి లోపలికెళ్ళిపోయింది. సంతోషించాలి నేను. మా మామ కూతురే, మా వాడలో పుట్టిందే, నా పెళ్ళామే. సంతోషించాలి కదా?

5 జూలై

నిన్న రాసింది ఆవేశంలో రాసింది. నాకు అసూయ లేదు. నా బాధంతా బడి స్ట్రెంత్ గురించి.

16 ఆగస్టు

పేపర్లో జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. మాలిక్ గారు తాడు లాగుతున్నారు, పక్కన దేవకుమారి సెల్యూట్ చేస్తోంది. కింద ఆమె పేరు, ప్రిన్సిపాల్ అని.

పాలెంలో జెండా ఎగరేసింది నేనే. తాడు మధ్యలో ఇరుక్కుంటే కరీమున్ టీచరు కర్రతో పొడిచింది. ఫొటో తీసేవాళ్ళెవరూ లేరు, అదే నయం.

ఆ పేపరు ఆమె దాచిపెట్టుకుంది. దాని మీద నేను టీ గ్లాసు పెట్టానని అలిగింది. చూసుకోలేదు నేను.

20 అక్టోబరు

పత్తి తీతలు. బడిలో పిల్లల్లేరు. ఆరు, ఏడు తరగతుల ఆడపిల్లలంతా చేలల్లోనే. పొద్దున్నుంచీ నేనూ కరీమున్ టీచరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం.

దేవకుమారి స్కూల్లో కూడా పిల్లలు తగ్గారు గాని, ఆమె ఆదివారం చర్చి అయిపోగానే ఊళ్ళ మీద పడి చేల గట్ల వెంబడి తిరుగుతోంది. నిన్న కొంగు నిండా పత్తి పింజలతో వచ్చింది. చేలో నిలబడి తల్లులతో మాట్లాడుతూ తనూ రెండు సాళ్ళు పత్తి తీసిందట. "ఊరికే నిలబడి మాట్లాడితే ఎవరు వింటారు బావా, చెయ్యి కలపాలి" అంది. ప్రిన్సిపాలట, పత్తి తీసిందట!

అన్నం తిన్నాక బి.ఎడ్. పుస్తకాలు ముందేసుకుంటోంది. దూరవిద్యలో రెండో ఏడు. పరీక్షలు వచ్చే ఎండాకాలం. నన్ను ప్రశ్నలు అడగమంటుంది. నేను మంచం మీద, ఆమె కింద చాప మీద. తప్పు చెప్పినప్పుడల్లా నాలుక కరుచుకుంటుంది, పెళ్ళయిన కొత్తలో ఇంటర్ తప్పిన సబ్జెక్టులు నేనే చెప్పేటప్పుడూ ఇంతే. డిగ్రీ కట్టించింది నేను. ఈ బి.ఎడ్. అప్లికేషన్ నింపింది నేను. ఆ కాసేపూ నాకు బాగుంటుంది. ఎందుకు బాగుంటుందో ఆలోచించదలచుకోలేదు.

"నీ ఆర్డరు ఈ ఏడన్నా రావాలని రోజూ ప్రార్థన చేస్తున్నా బావా" అంది పుస్తకం మూస్తూ.

"నాకేం తొందర లేదు" అన్నాను.

14 నవంబరు

మాలిక్ గారు బట్టీ దగ్గరికి రమ్మని కబురు పెట్టారు. వెళ్ళాను. ఆ ఆఫీసు గదిలో కుర్చీ, బల్ల, కేలండరు అన్నీ తెల్లగా సున్నం దుమ్ము. ఆయన లేచి తన తువ్వాలుతో కుర్చీ తుడిచి కూర్చోబెట్టారు.

"హెడ్మాస్టర్ గారూ, గవర్నమెంటు రూల్సు మీకు తెలిసినట్టు మాకేం తెలుస్తాయండీ. స్కూలుకి రికగ్నిషన్ రెన్యువల్ పెట్టాలి. హెడ్డు ఎవరు అన్నచోట మీ మేడం గారి పేరే రాద్దామని. హెడ్మాస్టర్ అనాలా, ప్రిన్సిపాల్ అనాలా? మన్లో మనమాట, రెండిటికీ తేడా ఏంటండీ అసలు?"

ఇన్‌ఛార్జి అనకుండా హెడ్మాస్టర్ గారూ అన్నారు. అది గమనించాను.

తేడా చెప్పాను. మొదట్నుంచీ చెప్పాను. తెల్లదొరల నాటి నుంచి బడికి హెడ్మాస్టర్ అన్న మాట ఎలా నిలబడిందో, ప్రిన్సిపాల్ కాలేజీ మాట ఎలా అయిందో, కరస్పాండెంటు అంటే ప్రభుత్వంతో ఉత్తరాలు నడిపేవాడని, నడపడం వేరు, పాఠం చెప్పించడం వేరని. ఆయన నోరు తెరుచుకుని విన్నారు. టీ చల్లారిపోతే మళ్ళీ తెప్పించారు. ఇంట్లో ఈ మాటలు ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు.

"అయితే మేడం గారి పేరు పెట్టొచ్చుగా?"

"బి.ఎడ్. చదువుతోందండీ. ఇంకా చేతికి రాలేదు."

"అరెరే. మరెట్లా?"

అప్పుడు చెప్పవలసిందే చెప్పాను. బి.ఎడ్. లేని మనిషిని ప్రిన్సిపాల్ అని కాగితం మీద పెడితే ఫైలు వెనక్కి రావచ్చని. పైగా ఇంగ్లీషు మీడియం అంటున్నారు, తల్లిదండ్రులు వచ్చినప్పుడు టకటకా ఇంగ్లీషు మాట్లాడే మనిషి కుర్చీలో ఉంటే స్కూలుకే మంచి పేరని. గుంటూరులో అలాంటి కుర్రాళ్ళు బోలెడుమంది దొరుకుతారని.

"మేడం గారు బాధపడరాండీ?"

"బాధెందుకు? హెడ్మిస్ట్రెస్ అనండి. చిన్న తరగతులు అప్పజెప్పండి. పని పనే కదా, పేరులో ఏముంది" అన్నాను.

డిగ్రీ చేతికొచ్చేదాకా ఇన్‌ఛార్జి అని పెట్టుకుని ఏడాది నడుపుకోవచ్చు. మండలంలో సగం ప్రైవేటు స్కూళ్ళు నడిచేది అలాగే. ఆ సంగతి ఆయన అడగలేదు. అడగనిది చెప్పడం నాకు అలవాటు లేదు.

ఇంట్లో చెప్పొద్దని ఆయనతో అనలేదు. అంటే నేనేదో తప్పు చేసినట్టుంటుంది.

15 నవంబరు

రూలే చెప్పాను.

17 నవంబరు

ఎవరైనా అదే చెబుతారు. ఆయన మండల ఆఫీసుకెళ్ళి అడిగినా అదే చెబుతారు. రూలే చెప్పాను.

1 డిసెంబరు

ఇంటికి వచ్చేసరికి ఆమె క్యారేజీ కడుగుతోంది. వెనక్కి తిరగలేదు. "బావా, గుంటూరు నుంచి కొత్త ప్రిన్సిపాల్ వచ్చాడు. త్రినాథ్ అంట. నన్ను హెడ్మిస్ట్రెస్ అన్నారు."

"ఎందుకట?" అన్నాను.

అన్నానా ఆ మాట? అన్నాను. గొంతు కూడా మామూలుగానే వచ్చింది.

"రూల్సంట. బి.ఎడ్. ఉండాలంట."

"అవును, రూలు అదే."

ఆమె కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. ఆ తర్వాత నేను చాలాసేపు మాట్లాడాను. అసలు హెడ్మిస్ట్రెస్ అన్నదే పాత మాట, గౌరవం గల మాట, ప్రిన్సిపాల్ అన్నది ఈమధ్య ప్రైవేటు వాళ్ళు తెచ్చిన ఆడంబరం, రేపు నాకు ఆర్డరొస్తే మనిద్దరం హెడ్డులమే కదా అని. మామూలుగా నా ఉపన్యాసాలకు నవ్వుతుంది, ఇవాళ కూర్చుని మొత్తం విన్నది.

"నువ్వు చెబితే నిజమే అయ్యుంటదిలే బావా" అంది.

9 డిసెంబరు

ఆ త్రినాథ్‌ని చూశాను, బజార్లో. ముప్పయ్యేళ్ళుంటాయేమో, ఎర్ర టై. బజ్జీల బండి దగ్గర కూడా టైతోనే ఉన్నాడు. "వాట్ ఈజ్ ద రేట్" అని అడుగుతున్నాడు బజ్జీల సైదాబీని. ఆమె ఒక పూర్తి నిమిషం వాడి మొహం చూసి నూనెలోకి చూసుకుంది.

వీడి కోసమా మా దేవకుమారి కుర్చీ ఖాళీ చేసింది? పదేళ్ళ మనిషి! ఆమె బల్లను వరండాలోకి, ఎల్‌కేజీ గది పక్కకు మార్చారట. బుద్ధి ఉండక్కర్లేదూ మాలిక్ గారికి?

20 డిసెంబరు

ఫోన్ మోగడం లేదు.

28 డిసెంబరు

క్రిస్మస్ బాగానే జరిగింది. పాస్టరు గారు ఈసారి మా ఇద్దరి పేర్లూ చదవలేదు.

అన్నం దగ్గర ఆమె స్కూలు కబుర్లు చెప్పడం మానేసింది. ఇదివరకు ఆ కబుర్లు వినలేక నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు అన్నం తినే చప్పుడే వినిపిస్తోంది.

"ప్రశ్నలు అడగనా?" అన్నాను ఇవాళ, పుస్తకాలు నేనే తీసి.

"ఇప్పుడెందుకులే. ఏమయితది చదివి?"

"పరీక్షలు దగ్గర పడుతున్నాయి కుమారీ."

"రాయనులే బావా. నీకొక్కడికి ఆర్డరొస్తే చాలు, ఇద్దరం హెడ్డులం ఏం చేసుకుంటాం" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆమె బి.ఎడ్. మానెయ్యాలని నేను ఎప్పుడూ అనుకోలేదు, దేవుడి మీద ఒట్టు. కుర్చీ కొంచెం కిందికి దిగితే చాలనుకున్నాను. ఇది రాస్తుంటే చెయ్యి ఆగింది. అలా అనుకున్నానా? అనుకున్నాను.

23 జనవరి 2004

వచ్చింది!

ఆర్డరు వచ్చింది. పాలెం బడికే, రెగ్యులర్ హెడ్మాస్టర్‌గా. ఆఫీసులో కాగితం చేతిలో పెట్టగానే మెట్ల మీద కూర్చుండిపోయాను. బ్రాకెట్ లేదు, ఇన్‌ఛార్జి లేదు. యేసుపాదం, హెడ్మాస్టర్.

దేవకుమారి ఏడ్చింది. రెండు నెలల తర్వాత ఆమె మొహంలో వెలుగు చూశాను. అప్పటికప్పుడు కోడిని కోయించి వండింది, బూరెలు చేసి వీధి వీధంతా తనే పంచింది. ప్రతి గుమ్మంలో "మా బావ హెడ్మాస్టరయ్యాడు" అంటూ గట్టిగా చెబుతుంటే నాకు ఇక్కడికి వినిపించింది. ఆమెకు కుర్చీ వచ్చిన రోజు నేను లడ్డూలో యాలకులు లెక్కపెట్టుకున్నాను. ఛీ, వెధవ బతుకు.

25 జనవరి, ఆదివారం

చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచింది. నాతో ముందు అనలేదు. "మా బావ ఆరేళ్ళు ఇన్‌ఛార్జి అన్న మాట మోశాడు. ఒక్కరోజు కూడా ఎవర్నీ చూసి కుళ్ళుకోలేదు, ఎవరికీ అడ్డం పోలేదు. అలాంటోళ్ళకి దేవుడు ఆలస్యంగా ఇచ్చినా ఇస్తాడు" అంది. అందరూ ఆమెన్ అన్నారు.

నేను అనలేకపోయాను. దగ్గొచ్చినట్టు బయటికి వెళ్ళిపోయాను. ఇంటికెళ్ళగానే అంతా చెప్పేద్దామనుకున్నాను. ఇంటికెళ్ళేసరికి చుట్టాలున్నారు. రేపు చెబుతాను.

29 జనవరి

రేపు చెబుతాను.

8 ఫిబ్రవరి, ఆదివారం

మధ్యాహ్నం మాలిక్ గారు వచ్చారు. శాలువా, దానిమ్మ పళ్ళు. శాలువా నాకు కప్పారు. మంచి మనిషి, ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. దేవకుమారి టీ తెస్తోంది. ఆయన సంతోషం పట్టలేక అన్నారు.

"మేడం గారూ, మా స్కూలు ఫైలు పాసయిందండీ. అంతా సారు చలవే. ఆ రోజు బట్టీ దగ్గర కూర్చుని, బి.ఎడ్. లేకుండా మేడం పేరు పెట్టొద్దు, గుంటూరు నుంచి మనిషిని తెచ్చుకోండి అని సారు చెప్పకపోతే మేం మునిగిపోయేవాళ్ళం. సొంత భార్య అని కూడా చూడలేదు. అదీ హెడ్మాస్టరంటే!"

ఆమె ట్రే పట్టుకుని అలాగే నిలబడింది. ముందు ఆయనకు కప్పు అందించింది, తర్వాత నాకు అందించింది.

"డిగ్రీ వచ్చేదాకా ఇన్‌ఛార్జి అని పెట్టొచ్చు గదండీ" అంది మాలిక్ గారితో. "మా ఇంట్లోనే ఆరేళ్ళుంది ఆ మాట."

ఆయన తెల్లబోయారు. "అట్లా కూడా కుదురుద్దాండీ? సారు చెప్పలేదే!" అని నా వైపు చూశారు.

నేను టీ తాగాను. నాలుక కాలింది. ఏదో ఒకటి అనాలి గదా, అన్నాను. "మీరు అడగలేదు గదండీ."

మాలిక్ గారు పాపం దానిమ్మ పళ్ళ గురించి మాట్లాడారు కాసేపు, ఎక్కడ కొన్నారో, ఎంత తియ్యగా ఉంటాయో. వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ కూడా నా మొహం చూడలేదు.

ఆయన వెళ్ళాక నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. "కుమారీ" అన్నాను. కప్పులు కడుగుతోంది. తిట్టమన్నాను. కొట్టినా పడతానన్నాను. వీరబాబు వాకిట్లో కుర్చీ సంగతి చెప్పాను, చర్చి సంగతి, ఫోన్ సంగతి, అన్నీ చెప్పాను. కుళ్ళు అన్న మాట నోటితో అన్నాను, ఇన్నాళ్ళూ ఈ పుస్తకంలో కూడా ఒప్పుకోనిది. ఆమె కప్పులు బోర్లించి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, నా పక్క నుంచి ఒద్దికగా తప్పుకుని వెళ్ళింది, పరాయి మగాడు దారికి అడ్డంగా ఉంటే తప్పుకున్నట్టు.

9 ఫిబ్రవరి

మాట్లాడలేదు.

10 ఫిబ్రవరి

పొద్దున మాట్లాడింది. "క్యారేజీ పెట్టాను, హెడ్మాస్టర్ గారూ" అంది.

ఎగతాళి అనుకుని నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు.

19 ఫిబ్రవరి

బి.ఎడ్. పుస్తకాలు మళ్ళీ తీసింది. దేవుడికి స్తోత్రం. సాయంత్రం వాటిని సంచిలో పెట్టుకుని కరీమున్ టీచర్ ఇంటికి వెళుతోంది, ప్రశ్నలు అడిగించుకోవడానికి. "నేనున్నానుగా" అన్నాను.

"మీకెందుకండీ శ్రమ, బడి పనులుంటాయి" అంది.

మీరు, అండీ. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమె నన్ను నువ్వు అనే అంది. ఊయల్లో ఉన్నప్పుడే మా ఇద్దరికీ అనుకున్నారు. గోలీలాటలో నేను తొండి చేస్తే "బావా, నువ్వు దొంగవి" అని ఊరంతా వినేట్టు అరిచిన పిల్ల.

3 మార్చి

గుంటూరు హాస్టల్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేస్తే, "నాన్నకిస్తా ఉండు" అనేది ఇదివరకు. ఇవాళ "హెడ్మాస్టర్ గారున్నారు, మాట్లాడు" అని నాకు అందించింది. అమ్మాయి పగలబడి నవ్వింది. అమ్మ భలే జోకులేస్తోంది నాన్నా అంది. అవునమ్మా అన్నాను.

వంటలో లోటు లేదు. చొక్కా ఇస్త్రీ ఉంటుంది. జ్వరమొస్తే మాత్ర మంచం పక్కన ఉంటుంది. ఎవరన్నా చూస్తే ఏమీ జరగలేదనుకుంటారు. పోట్లాడితే సర్దుకోవచ్చు. నెత్తిన పెట్టుకుని గౌరవిస్తుంటే ఏమని బతిమాలేది?

14 మార్చి, ఆదివారం

అమ్మ వచ్చింది ఊరి నుంచి. నా ఆర్డరు సంగతి విన్న దగ్గర్నుంచీ రావాలని గోల. మధ్యాహ్నం ముగ్గురం అన్నాలకు కూర్చున్నాం. దేవకుమారి నాకు గోంగూర వడ్డిస్తూ, "ఇంకొంచెం వెయ్యమంటారా హెడ్మాస్టర్ గారూ?" అంది.

అమ్మ ముద్ద నోటి దగ్గర ఆపింది. "అదేంటే కుమారీ, కొత్తగా? నీ బావను బావా అనడం మానేశావా ఏంటి?"

నేను కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆమె చెప్పేస్తుందనుకున్నాను. ఆమె చెప్పేస్తే బాగుండుననే ఉంది నాకు, అమ్మ ముందు నాలుగు తిట్లు తిన్నా బరువు దిగుతుందని.

"ఆర్డరొచ్చింది గదా అత్తా" అంది, గరిటె గిన్నెలో పెడుతూ. "ఇక ఆ పేరుతోనే పిలవాలి."

అమ్మకు ఎంత సంతోషమో. కోడలికి ఇన్నాళ్ళకు మొగుడి విలువ తెలిసిందని సాయంత్రం పక్కింటివాళ్ళతో కూడా చెప్పుకుంటోంది.